షాడీ అంటే ఏంది?

మన ఇండ్లలోకి ఇంగ్లీషు మాటలు రెండు తొవ్వల వచ్చినయి. ఒకటి మిల్లు గేటు తొవ్వ, రెండోది బడి తొవ్వ. బాబిన్, బీమ్, రీడ్, డాఫర్, జాబర్ ఇవన్నీ మిల్లు గేటు దాటి వచ్చినవి. మన పెద్దలు వీటిని ఏ డిక్షనరీ చూడకుండా చేతులతోనే నేర్చుకున్నారు. మా అవ్వకు సంతకం రాదు గానీ 'డబుల్ పిక్' అంటే ఏందో, అది బట్టలో పడితే ఇంటికి వచ్చే జీతంలో ఏం తగ్గుతుందో బాగా తెలుసు. థాంక్యూ, సారీ, పర్సెంటేజీ లాంటివి మాత్రం మాతోపాటు బడి సంచీలో వచ్చినయి.

ఈ నెల నేను రాసే మాట ఈ రెండు తొవ్వల్లోనూ రాలేదు. టైపు కొట్టిన కాగితం మీద మా ఖోలీకి వచ్చింది. ఆ మాట షాడీ.

ఇప్పటి పిల్లలకు ఇది రోజూ నోట్లో నానే మాట. రోడ్డు షాడీ, హోటల్ సర్వీసు షాడీ, టైలరు కుట్టు షాడీ. 'షేడీ' అనే ఇంకో మాట ఉంది, దాంతో కలపొద్దు. షేడీ అంటే నమ్మరాని మనిషి, చీకటి వ్యవహారం. షాడీ అంటే నాసిరకం, చౌకబారు, ఒళ్ళు వంచకుండా ఏదో అయిందనిపించిన పని. ధర తక్కువ అని చెప్పడానికి ఇంగ్లీషులో వేరే మాటలు ఉన్నయి. షాడీ అన్నప్పుడు దాంట్లో ఈసడింపు కూడా ఉంటుంది. వస్తువును చూసి మూతి విరిచి, చేసినవాడి మొహం మీద 'ఛీ, ఇదీ ఒక పనేనా' అన్నట్టు.

1974లో నేను తొమ్మిదో తరగతి, మున్సిపాలిటీ వాళ్ళ తెలుగు బడిలో. బాపు ప్రభాదేవి దిక్కు ఒక మిల్లులో సాంచాల ఖాతాలో పనిచేసేవాడు. మిల్లు పేరెందుకులే, ఇప్పుడు అక్కడ అద్దాల బిల్డింగు ఉంది. ఒకరోజు రెండో పాళీ దిగి రాత్రి పన్నెండు దాటినాక వచ్చి, లైటు వేసి, నన్ను లేపి, కాగితం చేతిలో పెట్టిండు. 'చదువురా' అన్నడు. నాలుగు వరుసల ఇంగ్లీషు. సగం అర్థమైంది. నాలుగు రోజులు పనిలోకి రావద్దని ఉంది. కారణం దగ్గర 'షాడీ వర్క్‌మన్‌షిప్' అని ఉంది. ఆ మొదటి మాట నాకు తెలియదు, కూడబలుక్కొని గట్టిగా చదివిన.

అవ్వ లేచి కూర్చుంది. 'షాదీనా? ఈ వయసుల మీ బాపుకు షాదీ ఏందిరా?' అన్నది.

గోడ అవతలి ఖోలీలో కాకావాళ్ళు కూడా నవ్వినరు. మా చాళ్లో గోడలు అట్లాంటివి. బాపు మాత్రం నవ్వలేదు. 'పొద్దున బడికి పోయి ఆ మాటకు అర్థం అడిగి రా' అని పండుకున్నడు. మరునాడు బడిలో ఇంగ్లీషు–తెలుగు డిక్షనరీ తీసి చూస్తే ఒక్క మాట ఉంది, నాసిరకమైన అని. వచ్చి చెప్పిన. బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నడు, 'నూలు నాసిది. నేను నాసి కాదు.'

జరిగింది ఏందంటే, అంతకు రెండు నెలల ముందు నుంచి మిల్లులో పత్తి మిక్సింగ్ మార్చినరు. బ్లోరూములో చేసే మా పెద్దబాపు చూసి చెప్పిన మాట ఇది. మంచి పత్తి తగ్గించి, పింజ పొట్టిగా ఉన్న పత్తి, కార్డింగులో రాలిన వేస్టు ఎక్కువ కలుపుతున్నరు. నూలు నంబరు అదే, కాగితం మీద అంతా అదే. కానీ పొట్టి పింజతో వడికిన పోగుకు బలం ఉండదు. గంజి ఎంత పట్టించినా సాంచా మీద పడుగు పోగులు టపటపా తెగుతయి. పోగు తెగితే సాంచా ఆపాలె, ముడి వేయాలె, మళ్ళీ నడపాలె. ఆపి నడిపిన ప్రతిసారి బట్ట మీద అడ్డంగా ఒక గీత పడుతుంది. ఫోల్డింగ్ ఖాతాలో బల్ల మీద బట్ట పరిచినప్పుడు ఆ గీతలే కనబడతయి, మిక్సింగ్ కనబడదు. గీతలు లెక్కపెట్టి, సాంచా నంబరు చూసి, ఆ నంబరు మీద ఉన్న మనిషికి మెమో ఇచ్చినరు. మిక్సింగ్ మార్చుమని పైన ఎవరు సంతకం పెట్టినరో వాళ్ళకు ఏ మెమో రాలేదు.

ఆ నాలుగు రోజులు బాపు ఖోలీ బయటి గ్యాలరీలో కూర్చొని బొంత కుట్టిండు. అవ్వ చీరలు పాతవి నాలుగు, నా అంగీలు రెండు. నేత పనివాడు సూది పట్టుకుంటే ఆ కుట్టు ఎట్లుంటదో మీకు చెప్పే పని లేదు.

నేను కూడా 1979లో బదిలీ కార్మికుడిగా మిల్లులోకి పోయిన. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది, రెండున్నర లక్షల మందిలో నేను ఒకణ్ణి. ఆ కథ ఈ పత్రికలో చాలామంది రాసినరు, నేను మళ్ళీ రాయను. తర్వాత ఎక్స్‌పోర్టు బట్టల కంపెనీలో చెకింగ్ పని దొరికింది. అక్కడ ఆఫీసు బీరువాలో బట్టల పరిశ్రమ మాటలకు ఒక లావుపాటి పాత నిఘంటువు ఉండేది. ఒక మధ్యాహ్నం పని లేక తిరగేస్తుంటే షాడీ కనబడింది. చదివి ఉలిక్కిపడ్డ. అక్కడ తిట్టు లేదు. 'నాసి' అని లేదు. పాత ఉన్ని బట్టలను పీకి మళ్ళీ తీసిన ఉన్ని అని ఉంది. సరుకు పేరు అది! మన కాటన్, సిల్కు, గాడా అన్నట్టే.

అప్పటినుంచి ఈ మాట వెంట పడ్డ. ఎక్కడ దొరికితే అక్కడ చదువుతూ పోయిన.

ఇంగ్లండులో యార్క్‌షైర్ అని ఒక ప్రాంతం ఉంది. ఉన్ని మిల్లులకు పేరు. అక్కడ బాట్లీ అనే ఊరు. 1813లో ఆ ఊరి బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్ని పేలికలను చీల్చి, మళ్ళీ పింజ చేసి, కొంత కొత్త ఉన్ని కలిపి, వడికి నేయించిండని చెప్తారు. యూరప్‌లో నెపోలియన్ యుద్ధాలు నడుస్తున్న కాలం. సైనికుల బట్టలకు ఉన్ని గిరాకీ, కొత్త ఉన్ని మాత్రం ఖరీదు. పేలికలు మాత్రం ఎక్కడ చూసినా ఉన్నయి. ఆ కొత్త రకం ఉన్నికి పడిన పేరే షాడీ. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందన్నదాని మీద పండితులు ఒక్క మాట మీద లేరు. ఎక్కువగా చెప్పేది 'షెడ్' అనే మాట గురించి. షెడ్ అంటే రాల్చడం. ఉన్ని ఏకేటప్పుడు, నేసేటప్పుడు రాలిపడే నూగు అన్నమాట. కార్డింగు ఖాతాలో చేసినవాళ్ళకు ఆ నూగు ఏందో విడమరిచి చెప్పనక్కర లేదు.

స్వెట్టర్లు, మేజోళ్ళు, ఫ్లానెల్ లాంటి మెత్తటి అల్లికల నుంచి తీసింది షాడీ. దాంట్లో పింజ కొంచెం పొడుగు. గట్టిగా దట్టించి నేసిన కోటు గుడ్డ నుంచి, దర్జీలు కత్తిరించగా మిగిలిన ముక్కల నుంచి తీసిన దానికి ఇంకో పేరు, మంగో. పింజ పొట్టి. మంగో పేరు మీద ఒక కథ ఉంది. ఆ గట్టి ముక్కలు మిషన్‌లో పోవడం లేదని పనివాడు అంటే, మేస్త్రీ వాళ్ళ యాసలో 'మన్ గో' అన్నడట, అంటే పోవాల్సిందే అని. అది కట్టుకథే అయి ఉండొచ్చు. కానీ అట్లా అనే జాబరు మన మిల్లుల్లో ప్రతి ఖాతాలో ఒకడుండె.

పేలికలు చీల్చే మిషన్‌కు వాళ్ళు పెట్టుకున్న పేరు దయ్యం. గిర్రున తిరిగే డ్రమ్ము, దాని నిండా ఇనుప పళ్ళు, ఒకవైపు గుడ్డ పెడితే ఇంకోవైపు పీచు వచ్చేది. దాంట్లోంచి లేచే ధూళికి దయ్యం దుమ్ము అని పేరు. బాట్లీ, పక్కనే ఉన్న డ్యూస్‌బరీ ఈ పేలికల మీదనే పెరిగిన ఊర్లు. యూరప్ దేశాల పాత బట్టలు మూటలు మూటలుగా అక్కడికి చేరేవి, వేలం వేసేవారు. వాటి నుంచి కంబళ్ళు, ఓవర్‌కోట్లు, యూనిఫాం గుడ్డ తయారయ్యేవి. అంతకుముందు ఉన్ని కోటు అంటే కలిగినవాళ్ళది. బీదవాడి ఒంటి మీదికి చలికాలంలో ఒక కోటు వచ్చిందంటే ఈ షాడీ వల్లనే. ఈ సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది, మాట తిట్టు అయినాక ఎవరికీ గుర్తు లేకుండా పోయింది కాబట్టి.

మరి తిట్టు ఎప్పుడు అయింది?

1861లో అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య యుద్ధం మొదలైంది. ఉత్తరాది సర్కారుకు ఒక్కసారిగా లక్షల మందికి యూనిఫాంలు కావాలె. కాంట్రాక్టర్లు ఎగబడ్డరు. వాళ్ళలో కొందరు కొత్త ఉన్ని పేరు చెప్పి, పేలికల పొట్టి పీచును ఒత్తి, అంటించి, కోట్లు కుట్టి ఇచ్చినరు. పైకి నున్నగా, చూడ ముచ్చటగా ఉన్నయి. సైనికుడు వేసుకొని కవాతు చేసి వానలో తడిస్తే కొన్ని అతుకులు ఊడి, పీచు పీచుగా రాలిపోయినయి. డబ్బు మాత్రం కాంట్రాక్టర్లకు ముట్టింది. వాళ్ళు పెద్ద పెద్ద ఇండ్లు కట్టి, గుర్రపు బండ్లు కొని, పెళ్ళాలకు నగలు పెట్టినరు. జనం వాళ్ళకు పెట్టిన పేరు షాడీ దొరలు. 1863లో హెన్రీ మార్ఫర్డ్ అనే రచయిత 'ది డేస్ ఆఫ్ షాడీ' అని నవలే రాసిండు.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆ మాట తిట్టుగా మారిన మొదటి రోజుల్లో తగలాల్సినవాడికే తగిలింది. సర్కారును ముంచి, సైనికుణ్ణి చలిలో నిలబెట్టి, తాను మేడ కట్టుకున్నవాడికి. కానీ తిట్లకు కూడా వాలు ఉంటదేమో, పై నుంచి కిందికే పారుతయి. షాడీ అన్న మాట కాంట్రాక్టరు మీది నుంచి జారి సరుకు మీద పడ్డది. సరుకు నుంచి పని మీద, పని నుంచి చేసిన చేతి మీద. అట్లా జారుకుంటూ 1974లో ప్రభాదేవిలో మా బాపు సాంచా నంబరు మీద పడ్డది. పొట్టి పింజ కలిపి లాభం చూసుకున్నవాళ్ళే ఆ మాటను టైపు కొట్టించి ఇచ్చినరు. న్యాయంగా చూస్తే ఆ మెమో మేడ మీదికి పోవాలె.

పాత ఉన్ని కలపడంలో మోసం లేదు. ఎంత కలిపినరో చెప్పకపోవడంలో ఉంది. అమెరికా వాళ్ళకు ఇది చట్టంలోకి రావడానికి 1940 దాకా పట్టింది. ఉన్ని బట్ట మీద కొత్త ఉన్ని ఎంత, తిరిగి వాడింది ఎంత అని చీటీ కుట్టాలని అప్పుడు చట్టం చేసినరు.

పేలికలు ఏరినవాళ్ళ సంగతి కూడా చెప్పాలె. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళది, ఆడపిల్లలది. ఎవరి ఒంటి మీది బట్టో, ఏ రోగి దుప్పటో తెలియదు. గుండీలు, కొక్కేలు తెంపి, అతుకులు విప్పి, రంగుకు రంగు విడదీయాలె. ఈ పేలికలు ఏరే ఆడవాళ్ళ ద్వారా మశూచి లాంటి అంటురోగాలు పాకుతయని, ముందు బలయ్యేది వాళ్ళేనని కార్ల్ మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథంలో రాసిండు. దయ్యం మిషన్ దగ్గర పనిచేసినవాళ్ళకు జ్వరం, దగ్గు, తలనొప్పి వచ్చేవి. డాక్టర్లు దానికి షాడీ జ్వరం అని పేరు పెట్టినరు. మన కార్డింగు, బ్లోరూము వాళ్ళకు వారం సెలవు అయి మళ్ళీ పనిలోకి దిగిన రోజే ఛాతి పట్టేసేది, గుర్తుందా? మా పెద్దబాపు దాన్ని 'సెలవు దగ్గు' అనేవాడు. అది పత్తి దుమ్ముతో వచ్చే జబ్బు, బిసినోసిస్. సెలవు తర్వాతి రోజు ఎక్కువ కావడమే దాని గుర్తు. దొరల ఉన్ని వేరు, మన పత్తి వేరు, ఊపిరితిత్తులు మాత్రం ఒక్క తీరే.

బట్ట మాటలు ఈసడింపులు కావడం ఇంగ్లీషులో ఇదొక్కటే కాదు. బొంబాస్ట్ అంటే ఇప్పుడు ఉత్త గొప్పల మాట, ఒకప్పుడు అది అంగీల లోపల ఎత్తు కోసం కుక్కే దూది. ఫస్టియన్ ఒక ముతక గుడ్డ, అది కూడా డంబాల మాటకు పేరైంది. టాడ్రీ అంటే మెరుపే తప్ప విలువ లేనిది. అది సెయింట్ ఆడ్రీ అనే పుణ్యస్త్రీ పేరున జరిగే జాతరలో అమ్మిన మెడ పట్టీల నుంచి వచ్చింది. మన తెలుగువాళ్ళం ఈ పనికి వడ్లను వాడుకున్నం, ఊకదంపుడు అన్నం. కానీ ముంబైలో ఉండి మనం ఎత్తుకున్న మాట ఒకటుంది, చిందీ. చిందీ అంటే గుడ్డ పీలిక. మనిషిని పట్టుకొని 'చిందీ చోర్' అంటే ఇంతకంటే చిల్లర దొంగ లేడని. ఆ చిందీనే మన ఆడవాళ్ళు కిలోల లెక్కన కొని, ఏరి, కుట్టి, పిల్లలకు పరుపులు, గోధడీలు చేసినరు. దాంతోనే బడి ఫీజులు కట్టినవాళ్ళు మన చాళ్లలో ఎంతమందో లెక్క లేదు. అయినా తిట్టుకు మాత్రం చిందీయే కావాల్సి వచ్చింది.

షాడీ ఇప్పుడు బాట్లీలో కాదు, మన దేశంలోనే ఉంది. మా మేనల్లుడు భివండీలో సాంచెలు నడిపిస్తడు. మిషన్లు చూడ్డానికి అతను హర్యానాలో పానిపట్ పోతుంటే నేనూ బయలుదేరిన. పానిపట్ అంటే మనకు బడిలో చదివిన మూడు యుద్ధాలే గుర్తు. అక్కడ గోడాన్లలో కోట్ల కొండలు ఉన్నయి. చలి దేశాలవాళ్ళు విడిచిన ఉన్ని కోట్లు, స్వెట్టర్లు కాండ్లా రేవులో దిగి వస్తయి. తిరిగి తొడుక్కోకుండా, అమ్ముకోకుండా వాటిని ముందే కోసి పంపాలని నిబంధన. ఆ కొండల నడుమ ఆడవాళ్ళు వరుసగా కూర్చొని, కత్తిపీట లాంటి నిలువు కత్తి ముందు పెట్టుకొని, కోట్లను ముక్కలు చేస్తున్నరు. గుండీలు ఒక గంపలో, జిప్పులు ఒక గంపలో. ఎర్ర కుప్ప, నీలం కుప్ప, బూడిద రంగు కుప్ప. రంగు అట్లా ఏరినందువల్ల మళ్ళీ అద్దకం పని పడదు, నీళ్ళు, రంగు మిగిలినట్టే. అవతల షెడ్డులో అదే పళ్ళ డ్రమ్ము తిరుగుతుంది. మా మేనల్లుడు దాన్ని చూసి 'మామా, మన బ్లోరూము బీటరుకు అన్న లెక్కుంది' అన్నడు.

ఆ నూలుతో కంబళ్ళు నేస్తరు. వరద వచ్చినా, భూకంపం వచ్చినా లారీల మీద దిగే ముతక బూడిద రంగు కంబళ్ళలో చాలా వరకు పానిపట్‌వే. అక్కడివాళ్ళు ఆ నూలును 'షాడీ యార్న్' అనే పిలుస్తరు. బోర్డుల మీద రాసుకున్నరు, బిల్లుల్లో రాస్తరు. ఒక్కరి నోట కూడా ఆ మాట తిట్టు లెక్క వినబడలేదు. ధర అడిగితే కిలోకు ఇంత అని చెప్పినరు. బాట్లీలో 1813 తర్వాత కూడా ఆ మాట అట్లానే పలికి ఉంటరు. అక్కడ నిలబడి నేను బాపును తలుచుకున్న. ఆయన పోయి అప్పటికి పదకొండేండ్లు.

ఇటలీలో ప్రాటో అనే ఊరు కూడా తరాలుగా ఇదే పనిలో ఉంది. పాత ఉన్ని ఏరడం, చీల్చడం, వడకడం. మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఒక కోటు చూపించింది. ధర నా నెల పెన్షన్‌కు ఎన్నో రెట్లు. కింద చిన్న అక్షరాల్లో 'రీసైకిల్డ్ వూల్' అని ఉంది. పక్కన పచ్చటి ఆకు బొమ్మ. పాత కోట్లు పీకి తీసిన ఉన్నే కదా అని అడిగితే, అవును తాతా, భూమికి మంచిది అన్నది. దానికి వందేండ్లకు పైగా షాడీ అనే పేరు ఉందని చెప్పిన. నమ్మలేదు. డిక్షనరీ తెరిచి చూసుకుంది. తర్వాత బాపు మెమో సంగతి చెప్పిన, దానికి ఆ కథ తెలియదు. ఆ కాగితం ఇంకా ఉందా అని అడిగింది. లేదు. బాపు కుట్టిన బొంత మాత్రం ఉంది, మా చెల్లె దగ్గర షోలాపూర్‌లో. రెండుసార్లు పై గుడ్డ మార్చినరట.

మిల్లు కాగితాలు ఇంకా దాచుకున్నవాళ్ళు మనలో ఉన్నరు. మెమోలు, చార్జిషీట్లు, పగారు చిట్టీలు. వాటిల్లో మీ పెద్దల మీద రాసిన ఇంగ్లీషు మాటలు ఏమన్నా ఉంటే పత్రికకు రాసి పంపండి. మా చాళ్లో ఇంకో మెమోలో వచ్చిన 'స్లాక్' అనే మాట నా దగ్గర ఉంది, అది కూడా వదులైన పోగు సంగతే అనిపిస్తుంది. సాంచాల ఖాతాలో చేసిన పెద్దలు ఎవరైనా ఉంటే, ఆ మాట మీ ఖాతాలో ఎట్లా వాడేవారో చెప్పండి.